దప్పి బిళ్ళ

బిళ్ళ వేసుకున్నవాళ్ళు నీళ్ళు తాగడం తగ్గించారు. రక్తపరీక్షలూ అదే చెప్పాయి, మూత్రపరీక్షలూ అదే చెప్పాయి. మండే ఎండాకాలంలో మనిషికి రోజుకు రెండు గ్లాసులు చాలుతున్నాయి. అంతవరకూ భేషుగ్గా ఉంది. కానీ ఇళ్ళ ముందున్న నీలం డ్రమ్ములకు బిగించిన మీటర్లు మాత్రం ఇంకో కథ చెబుతున్నాయి. పొద్దున ట్యాంకరు నింపిపోయిన డ్రమ్ములు సాయంత్రానికల్లా ఎప్పటిలాగే ఖాళీ! ఈ లెక్క తిప్పేస్వామికి ఎంతకీ మింగుడుపడలేదు.

"మీటర్లు పాడై ఉంటాయి, చూడవయ్యా," అన్నాడు డైరెక్టర్ పద్మనాభం.

"ఊరి మీటర్లన్నీ ఒక్కసారే పాడవుతాయా సార్?"

"అయితే మీ ఊరివాళ్ళు మిగిలిన నీళ్ళు పక్క ఊళ్ళో అమ్ముకుంటున్నారు. అంతేగా!"

ఆ మాట తిప్పేస్వామికి చురుక్కున తగిలింది. మందు పరీక్షకు నల్లబండ కొట్టాలను ఎంచింది తానే. పుట్టిన ఊరు కాబట్టి తన మాట వింటారనుకున్నాడు. అమ్మ పోయాక తనను ఎత్తుకుని పెంచిన హనుమక్క ఆ ఊళ్ళోనే ఉంది. పిల్లల్లేని ఆ అక్కాబావా తమ్ముణ్ణే కొడుకనుకుని చదివించారు. మెట్ట పరిశోధన కేంద్రంలో తనకు ఇంత తెల్లకోటు, ఇంత పేరు వచ్చాయంటే వాళ్ళ చలవే.

ఆ బిళ్ళకు మూలం కూడా ఆ ఊరి నేలే. చిన్నప్పుడు బావతో కలిసి శనక్కాయ చేలో బొరియలు తవ్వుతుంటే ఎర్ర ఎలుకలు బయటపడేవి. ఎండాకాలమంతా చుక్క నీరు దొరకని నేలలో అవి బొద్దుగా, హాయిగా తిరిగేవి. ఇవి నీళ్ళెక్కడ తాగుతాయి బావా అని అడిగితే, వాటినే అడుగు అనేవాడు కుళ్ళాయప్ప. తిప్పేస్వామి నిజంగానే అడిగాడు. ఇరవై ఏళ్ళు ప్రయోగశాలలో కూర్చుని, ఆ ఎలుక మూత్రపిండాలు బయటికి పోయే నీటిని మళ్ళీ ఒంట్లోకి ఎలా తిప్పుకుంటాయో తెలుసుకున్నాడు. ఆ గుణాన్ని మనిషి ఒంట్లో ఒక రోజుపాటు నిలబెట్టే బిళ్ళ చేశాడు. కేంద్రంవాళ్ళు దానికి ఏదో నెంబరు పెట్టారు. జనం మాత్రం దప్పి బిళ్ళ అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

మర్నాడే జీపు తీసుకుని ఊరికి బయల్దేరాడు.

కరువంటే వానలు రాకపోవడమే అనుకుంటారు పట్నంవాళ్ళు. వాన ఎగ్గొట్టడం దానికి మొదలు మాత్రమే. ఆ తర్వాత కరువు ఇంట్లోకి నడిచి వస్తుంది, వచ్చి ఒక్కొక్కటే పట్టుకుపోతుంది. నల్లబండ కొట్టాలలో ముందు గొడ్లు పోయాయి. సంతకు తోలిన ఎద్దులు మళ్ళీ కొట్టం మొహం చూడలేదు. ఎద్దులు పోతే ఎరువు పోయింది, సేద్యం పోయింది. వయసులో ఉన్నవాళ్ళు బెంగుళూరుకు కట్టడం పనులకు పోయారు. పిల్లలు లేరని బడి ఎత్తేశారు, ఎక్కేవాళ్ళు లేరని బస్సు మానేశారు. బస్సే రాని ఊళ్ళో అంగడి పెట్టేవాడు ఎవడు? అదీ మూతపడింది. ఇంకెప్పుడో వాన పడినా ఇవన్నీ వానతో పాటు తిరిగి రావు కదా! చివరికి ఊరికి మిగిలింది చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు. శనక్కాయ ఎండితే ఆ ఏడుతో పోతుంది. చీనీ చెట్టు ఎండితే దాన్ని పెంచిన ఆరేళ్ళూ పోతాయి, మళ్ళీ నాటితే ఇంకో ఆరేళ్ళు నోరు కట్టుకుని కూర్చోవాలి. బోర్లేమో నిరుడే ఎండిపోయాయి.

జీపు దిగేసరికి అక్క ఇంట్లో లేదు. తోటలో ఉందన్నారు. వెళ్ళి చూస్తే ఏముంది! హనుమక్క నెత్తిన బిందె, కుళ్ళాయప్ప భుజాన కావడి. చెట్టు చెట్టుకూ పాదు చేసి, ఒక్కో పాదులో ఇంతింత నీళ్ళు పోస్తూ పోతున్నారు. ఆ పక్క తోటలో, ఈ పక్క తోటలో అందరిదీ అదే పని. చుట్టూ పదిమైళ్ళు నేలంతా బూడిదరంగులో ఉంటే, ఇక్కడ చెట్లు ఆకు ముడవకుండా పచ్చగా నిలబడి ఉన్నాయి.

తిప్పేస్వామికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "బావా! తాగేకి ఇచ్చిన నీళ్ళు చెట్లకు పోస్తాండారా?"

కుళ్ళాయప్ప కావడి దించి నింపాదిగా తలగుడ్డ విప్పాడు. "మరేం జేయాలప్పా? మాకు దప్పి లేకుండా నువ్వే జేస్తివి. చెట్టుకు దప్పి ఉండాది కదా! దానికి కూడా ఒగ బిళ్ళ జేసుంటే ఈ కావడి మోసే పనన్నా తప్పుతుండె."

"నీళ్ళు మిగిల్తే బాన్లో దాచుకోవాల బావా. ఒంటికి ఎప్పుడేం అవసరమొస్తుందో!"

"దాచుకుని?" అంది హనుమక్క. "నీళ్ళు బాన్లో ఉంటే ఏం కాస్తాయిరా సామీ? చెట్టులో పోస్తే కాయలు కాస్తాయి."

ఇరవై ఏళ్ళ చదువులో ఈ ఒక్క సంగతి తిప్పేస్వామికి తట్టనేలేదు. మనిషికి దప్పిక తీరితే నీళ్ళు మిగులుతాయని లెక్క వేశాడు గానీ, ఇక్కడి మనిషి మిగిలిన నీళ్ళను తనవి అనుకోడని అతనికి కదా తెలియాలి! ఆ నేల మీద పుట్టి కూడా మరిచిపోయినందుకు సిగ్గుపడ్డాడు. లోలోపల మురిసిపోయాడు కూడా. చెట్లు బతికాయి కదా!

ఆ మురిపెంతోనే కేంద్రానికి తిరిగొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. పద్మనాభం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అంటే తాగునీటితో తోటలే బతికించారన్నమాట! మనిషికి రెండు గ్లాసులు చాలడం నిజమే కదా?"

"నిజమే సార్. కాకపోతే ఎండాకాలం మూడు నెలలే వాడాలి, రోజుకు ఒక్కటే వేసుకోవాలి. చెమట తగ్గిపోతుంది కాబట్టి మధ్యాహ్నం ఎండలో..."

"అవన్నీ రాద్దాంలే," అన్నాడు పద్మనాభం. ఆయన అప్పటికే ఎవరికో ఫోను కలుపుతున్నాడు.

రాశారు కూడా. పై అధికారులు అంతా చదివి అందులోంచి ఒకే ఒక్క మాట ఏరుకున్నారు. మనిషికి రెండు గ్లాసులు చాలు. చాలినప్పుడు అన్ని ట్యాంకర్లు దేనికి? మరుసటి ఎండాకాలం వచ్చేసరికి రోజూ వచ్చే ట్యాంకరు నాలుగు రోజులకొకసారి రావడం మొదలుపెట్టింది. బిళ్ళలు మాత్రం చుట్టుపక్కల నలభై ఊళ్ళకు అట్టపెట్టెల్లో దిగాయి. కొట్టాల దాకా రావలసిన పైపులైను కొత్త పారిశ్రామికవాడ వైపు మళ్ళింది. అక్కడ ఫ్యాక్టరీలకు దప్పి బిళ్ళలు పనిచెయ్యవు కదా మరి!

"మాకు దప్పి లేదని తెలిసి నీళ్ళు అలిగి పోయినాయప్పా," అని నవ్వాడు కుళ్ళాయప్ప. ఫోనులో ఆ నవ్వు విని తిప్పేస్వామి నవ్వలేకపోయాడు.

"బావా, నిజం జెప్పు. రోజుకు ఎన్ని ఏసుకుంటాండారు?"

కుళ్ళాయప్ప చేతిలోంచి హనుమక్క ఫోను అందుకుంది. "రెండురా. పొద్దున ఒగటి, మద్యాన్నం ఒగటి. రెండేసుకుంటే ఒగ గ్లాసుతోనే గడిచిపోతాది. చెట్లు పిందె మీద ఉండాయి సామీ. తొలికాపు. ఇప్పుడు గాన నీళ్ళు తప్పితే పిందంతా రాలిపోతాది."

"అక్కా, మీకు చెమట పోస్తాందా?"

"చెమటా? ఏమోరా. చూసుకోలేదు."

తిప్పేస్వామికి సంగతి అర్థమైపోయింది. చెమట ఆగితే వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. పైగా ఈ బిళ్ళ దప్పికను నోటికి తెలియనివ్వదు. ఒళ్ళు ఉడికిపోతున్నా మనిషికి ఏమీ తెలియదు, పని చేసుకుంటూనే ఉంటాడు. ఫోనులోనే అరిచాడు, బతిమాలాడు, ఒట్టు పెట్టించుకున్నాడు. మధ్యాహ్నం పూట తోటకు పోనని కుళ్ళాయప్ప మాటిచ్చాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే ఇచ్చాడు, పాపం. కానీ ట్యాంకరు ఆ వారం మిట్టమధ్యాహ్నం వచ్చింది. వచ్చిన నీళ్ళు డ్రమ్ములో కాగిపోయేలోగా పాదుల్లో పడాలని కావడి ఎత్తుకున్నాడు.

తిప్పేస్వామి వెళ్ళేసరికి బావను తోటలోంచి మోసుకొచ్చి నడవలో పడుకోబెట్టారు. ప్రాణం దారిలోనే పోయిందన్నారు. చెయ్యి ముట్టుకుంటే ఇంకా పెనంలా వేడిగా ఉంది. ఒంటి మీద ఎక్కడా తడి లేదు. "దప్పి అనలేదురా," అంది హనుమక్క గోడకు ఆనుకుని. "ఒగ్గసారి కూడా నీళ్ళడగలేదు. అడిగింటే ఇయ్యనా నేను?"

తిప్పేస్వామి ఆమె పాదాల దగ్గర కూలబడి గుండెలవిసేలా ఏడ్చాడు. వడదెబ్బ అని రాసుకుని పోయాడు ఊరికి వచ్చిన ఉద్యోగి. ఆ ఎండాకాలం వడదెబ్బ తగిలినవాళ్ళు నలభై ఊళ్ళలోనూ ఉన్నారు.

దినాలు అయిపోగానే తిప్పేస్వామి నేరుగా పద్మనాభం గదిలోకి వెళ్ళాడు. బిళ్ళ ఆపేయాలన్నాడు. తన బావను చంపింది ఎండ కాదనీ, తన మందేననీ బల్ల మీద గుద్ది చెప్పాడు.

పద్మనాభం చెడ్డవాడేమీ కాదు. తలుపు దగ్గరగా వేసి వచ్చి, మంచినీళ్ళ సీసా అతని ముందుకు జరిపాడు. "నీ బాధ నాకు తెలుసు తిప్పేస్వామీ. కానీ ఒక్కటి ఆలోచించు. ఇవాళ ఆపితే రేపు ఆ నలభై ఊళ్ళు ఏం తాగుతాయి?"

"ట్యాంకర్లు మళ్ళీ పంపించండి."

"నేను పంపిస్తానా? ఆ డబ్బు వేరే పనులకు పోయింది, పైపులైను వేరే దారిన పోయింది. నేను అడగలేదనుకున్నావా? బిళ్ళలు ఉన్నాయి కదా అన్నారు. మనం ఆపామంటే అప్పుడు దప్పికతో పోతారు, ఆ పాపం మనదవుతుంది. జాగ్రత్తలు పెద్ద అక్షరాలతో అట్ట మీద వేయిస్తాను. ఇంతకంటే నా చేతిలో ఏముంది చెప్పు."

తిప్పేస్వామి ఆ సీసా ముట్టుకోకుండా లేచాడు. నలభై ఊళ్ళను తాను కాపాడలేడు. సరే, ఒక్క మనిషినైనా కాపాడుకోవాలి. తనకు ఈ లోకంలో మిగిలింది ఆ అక్క ఒక్కతే.

పట్నం రమ్మంటే హనుమక్క రాదు. బిళ్ళ మానేయమంటే వినదు. ఇంట్లో ఇద్దరు చేసే పని ఇప్పుడు ఆమె ఒక్కతే చేస్తోంది, అదే తోట, అదే కావడి. అందుకే అతనికి ఆ ఆలోచన వచ్చింది. మందు పనితనం పోల్చి చూడడానికి కేంద్రంలో మందు లేని ఉత్త బిళ్ళలు కూడా చేస్తారు. అదే రంగు, అదే చేదు, పైన అదే అట్ట. నెలనెలా కొట్టాలలో బిళ్ళలు పంచేది తానే. అక్క వంతు వచ్చినప్పుడు ఉత్త బిళ్ళల అట్టలు ఆమె చేతిలో పెట్టాడు.

మోసమే. కాదని అతను కూడా అనుకోలేదు. కానీ ఒంట్లోంచి మందు పోతే దప్పిక తిరిగి వస్తుంది, నోరు ఎండితే మనిషన్నవాడు నీళ్ళు తాగి తీరతాడు, తాగితే చెమట పడుతుంది, చెమట పడితే అక్క బతుకుతుంది. శాస్త్రం ప్రకారం ఇందులో తప్పిపోవడానికి ఏమీ లేదు. చాలా రోజుల తర్వాత ఆ నెలంతా అతను కడుపునిండా తిన్నాడు.

మళ్ళీ బిళ్ళల సంచితో ఊరికి వెళ్ళేసరికి పొద్దు బాగా ఎక్కింది. వానకాలం క్యాలెండరులో వచ్చింది గానీ ఆకాశంలో రాలేదు. జీపులో సీసా దారిలోనే ఖాళీ అయింది, గొంతు పిడచకట్టుకుపోతోంది. తిన్నగా తోటకు నడిచాడు. చెట్లు నిగనిగలాడుతున్నాయి. కొమ్మకొమ్మకూ పిడికిలంతేసి కాయలు! ఇంకో రెండు నెలలు ఓపిక పడితే కోతకు వస్తాయి.

హనుమక్క ఒక చెట్టు మొదట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూసి లేవబోయి, లేవలేక నవ్వింది. నవ్వితే పెదవి చిట్లి రక్తం చిమ్మింది. కళ్ళు గుంటల్లోకి పోయాయి. నాలుక తెల్లగా పొక్కిపోయి ఉంది.

"అక్కా! ఏమయింది నీకు?"

"బిళ్ళ పని జేయడంల్యారా," అంది ఆమె. గొంతు పీలగా వచ్చింది. "పోయిన నెల నుంచీ ఒగటే దప్పి. రెండేసుకున్యా అంతే, మూడేసుకున్యా అంతే. పాత సరుకేమైనా ఇచ్చినారేమో అడుగు మీ ఆపీసులో."

"దప్పి అయితే నీళ్ళు తాగుతాండావు కదా? తాగుతాండావు కదక్కా?"

"యాడుండాయి తాగేకి? వచ్చేవి చెట్లకే చాలవు."

"దప్పి అయితే తాగాల కదే!"

"దప్పి అయితే ఓర్చుకోవాల," అంది హనుమక్క, చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించినట్టు. "మీ బిళ్ళ రాకముందు ఓర్చుకోలేదా ఏం? దప్పి నాకేం కొత్తనా? పెదాలు తడుపుకుంటా, అంతే. కాకపోతే అలవాటు తప్పింది కదా, ఇప్పుడు కొంచెం కష్టంగా ఉండాది."

బిళ్ళ తీసేస్తే అక్క నీళ్ళు తాగుతుందనుకున్నాడు తిప్పేస్వామి. అక్క నీళ్ళు చెట్లకే పోసింది. తాను ఆమెకు ప్రాణం ఇవ్వలేదు, బాధ మాత్రం తిరిగి ఇచ్చాడు. ఒక నెలంతా, ప్రతి పూటా, తన చేతులతో! ఇక దాచడం అతని వల్ల కాలేదు. పాదు గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేశాడు.

హనుమక్క పాదులో రాలిన ఆకు ఒకటి ఏరి పక్కన పెట్టింది. తిడుతుందేమో అనుకున్నాడు. తిట్టినా బాగుండును.

"ఎందుకట్ల జేస్తివిరా?"

"నువ్వు బతకాలని అక్కా. బావ మాదిరి నువ్వు కూడా..."

"నేను బతికేది యాడరా? ఈ తోట ఎండిపోతే యాడుండి బతకాల నేను? ఈ వయసులో బెంగుళూరు పోయి ఇటుకలు మొయ్యల్లా? ఊరంతా పోయినారు, పోయినోళ్ళు ఒగరన్నా తిరిగొచ్చినారా? ఈ చెట్లే లేకపోతే నేనూ ఎప్పుడో పోయిందాన్ని." కాస్త ఊపిరి తీసుకుంది. "మీ బావ దీనికే పోయినాడు. కాయ కోతకొస్తే ఊరికి లారీ వస్తాది. లారీ వస్తే దాని ఎనకాల కూలోళ్ళు వస్తారు, కూలోళ్ళొస్తే అంగడి తెరుస్తారు. మళ్ళా ఊరు ఊరు మాదిరి అయితాది. దీన్ని ఇప్పుడు ఎట్ల ఇడిచిపెట్టేది జెప్పు."

"ఎండన పడి పోతావక్కా."

"పొద్దున, సాయంత్రం పోస్తాలే. ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు నాకు తోచినట్ల జేస్తా. అది నా తలరాత." చెయ్యి చాపింది. "బిళ్ళ ఏసుకుంటే సస్తానని నీకు భయం. ఏసుకోకపోతే ఇదో, ఇట్లుంటా. రెండింట్లో ఏది మేలో నువ్వే జెప్పు సామీ. చదువుకున్నోనివి."

మిగతా ఇళ్ళకు పంచవలసిన అసలు బిళ్ళలు అతని సంచిలోనే ఉన్నాయి. ఆ సంగతి అక్కకూ తెలుసు. తిప్పేస్వామి ఆమె పెదవుల వంక చూశాడు. తోటంతా కలియజూశాడు. జిప్పు తీసి, ఒక అట్ట బయటికి లాగి, ఒక బిళ్ళ చించి ఆమె అరచేతిలో పెట్టాడు. హనుమక్క దాన్ని నీళ్ళు లేకుండానే మింగింది. గుటక దిగడానికి చాలా కష్టపడింది.

"సరే, నన్ను పట్టుకుని లేపు. ఇంటికి పోదాం," అంది.

ఇంటికి వచ్చాక అతన్ని నడవలో నులకమంచం మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. వద్దన్నా వినకుండా, గోడ పట్టుకుంటూ, నిండు చెంబు తెచ్చి చేతికిచ్చింది.

"వద్దక్కా. నువ్వు తాగు."

"నాకిప్పుడు బిళ్ళ పడింది కదా, కాసేపటికి సరిపోతాది. నువ్వు ఎండన బడి వచ్చినావు. మీ బావ లేకపోయినా ఈ ఇంటికొచ్చినోళ్ళకు నీళ్ళియ్యకుండా ఉంటామా? తాగు."

ఆ నీళ్ళు ఏ చెట్టు పాదులో పడవలసినవో అతనికి తెలుసు. ఒక్క గుక్క తాగి చెంబు కింద పెట్టేద్దామనుకున్నాడు. పెదవులకు చల్లగా తగిలేసరికి ఆగలేకపోయాడు. గడగడా, గడ్డం మీదుగా చొక్కా మీదకు కారేలా, చెంబెడు నీళ్ళూ తాగేశాడు. హనుమక్క అతన్నే కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది. తమ్ముడి కడుపు చల్లబడినందుకు ఆమె మొహం తేటపడింది.

"ఇంగో చెంబు తెచ్చేదా?" అని అడిగింది.

తిప్పేస్వామికి దప్పిక ఇంకా తీరలేదు. తీరిందని చెప్పాడు.